నీలం చక్రాలు

మా అక్క కూతురు ఫీబీ ఉత్తరంలో ఐదు ప్రశ్నలున్నాయి. నాలుగింటికి ఆ పూటే జవాబు రాసేశాను. తాతయ్య పుట్టిన ఊరేది, ఏ పని చేసేవాడు, అమ్మమ్మ ఏ ఏడు పోయింది, వాళ్ళమ్మకీ నాకూ ఎన్నేళ్ళ తేడా. వాళ్ళుండే ఓహాయోలో ఇప్పుడు అందరికీ ఇదో మోజట. ముందుగా వచ్చి అడవి కొట్టుకుని ఇళ్ళు కట్టుకున్న వాళ్ళ వివరాలు పెద్ద బైబిలు మొదటి పేజీల్లో అందంగా రాయించుకుంటున్నారట. ఐదో ప్రశ్న మాత్రం చివర్న, చోటు చాలక కాగితం అంచు వెంబడి నిలువుగా రాసింది.

"పిన్నీ, అమ్మ పోవడానికి తనే కారణమని నాన్న చివరిదాకా అనుకున్నాడు. పోయిన చలికాలం కన్ను మూసే ముందు కూడా అదే మాట. అసలేం జరిగింది? నువ్వు అక్కడ లేవని తెలుసు. అయినా నీకేమైనా తెలుసా?"

నేను అక్కడ లేను. అది నిజమే.

అప్పటికి నాకు పదిహేడేళ్ళు. వేసవి అని పేరే గాని ఆ ఏడు వెర్మాంట్ కొండల్లో మాకు వేసవి రాలేదు. జూన్ మొదటి వారంలో మంచు పడింది. మొక్కజొన్న మొలకలు నల్లబడి నేలకు అంటుకుపోయాయి. అప్పుడే ఉన్ని కత్తిరించిన గొర్రెలు చలికి చస్తున్నాయని ఆ ఉన్నినే మళ్ళీ వాటి వీపులకు కట్టినవాళ్ళున్నారు. సూర్యుడు పొగమంచులోంచి మాసిన రాగి పళ్ళెంలా కనిపించేవాడు, కళ్ళు చిట్లించకుండా చూడొచ్చు. ఆదివారం చర్చిలో అందరూ ఎండ కోసం ప్రార్థన చేసేవాళ్ళు. సోమవారం పొద్దున్నే మా పని కొట్టం ముందు బండ్లు వరస కట్టేవి. ప్రార్థన మీద గట్టి నమ్మకం ఉన్నవాళ్ళు కూడా, ఎందుకైనా మంచిదని, పడమటికి, ఓహాయో వైపు పోవడానికి చక్రాలు బాగుచేయించుకునేవాళ్ళు.

మా నాన్న జేబెజ్ రడ్ చక్రాలు చేసే వడ్రంగి. ఆయనకు రెండు పట్టింపులుండేవి. కొనేవాడు వచ్చి ఉత్త చెక్కను చేత్తో తడిమి, గోటితో గీకి, వేలితో కొట్టి చూసుకునేదాకా చక్రానికి రంగు వేసేవాడు కాదు. మంచి పనికి రంగు కావాలి, చెడ్డ పనికి రంగు ముందే కావాలి అనేవాడు. రెండోది, కూతురు పుట్టిన ఏడు ఒక ఎల్మ్ చెట్టూ ఒక ఓక్ చెట్టూ కొట్టి, చక్రం నడిబొడ్డుకు మొద్దుల్నీ, బొడ్డునుంచి అంచుకు పోయే ఆకులకు బద్దల్నీ అటక మీద పేర్చి, వాటి మీద ఆ పిల్ల పేరు మొదటి అక్షరం కాల్చిన ఇనుముతో వేసేవాడు. ఆమె సొంత బండి కట్టుకున్న రోజు చక్రాలు ఆ కర్రతోనే చెయ్యాలి. మా అటక మీద అక్క లొవీనా అక్షరమున్న కర్ర ఇరవై నాలుగేళ్ళుగా ఆరుతోంది. నాది పదిహేడేళ్ళుగా. అమ్మ పోయాక ఆ ఇంట్లో నాన్న మాట్లాడకుండా మిగిలిపోయిన ప్రేమంతా ఆ అటక మీదే ఉందని నేననుకునేదాన్ని.

అక్క పెళ్ళయి నాలుగేళ్ళు. బావ ఓరిన్ చెప్పులు కుడతాడు. వాగు దాటితే వాళ్ళిల్లు. ఫీబీకి రెండేళ్ళు. రోజూ పొద్దున దాన్ని చంకనేసుకుని అక్క మా ఇంటికొచ్చేది, రై పిండి రొట్టె కాల్చుకుని వెళ్ళేది. ఆ రాకపోకలతోనే మా ఇంట్లో మాటలు వినబడేవి.

జూన్ నెలాఖరున ఒకరోజు బావ కూడా వచ్చాడు. పని కొట్టంలో నాన్న ఎదురుగా ఒక మొద్దు మీద కూర్చుని, చాలాసేపు తన చెప్పుల వైపే చూసుకున్నాడు.

"మామయ్యా, మేం కూడా వెళ్దామనుకుంటున్నాం."

నాన్న కర్ర చెక్కుతున్న బాడిత ఆపలేదు. "ఎక్కడికి? సంతకా?"

"ఓహాయోకి."

"చెప్పులు కుట్టేవాడికి నడక మీద మోజెందుకు? నువ్వు కుట్టాలి, ఊళ్ళోవాళ్ళు నడవాలి."

"ఊళ్ళో కాళ్ళే మిగలడం లేదు కదా! పోయిన వారం మూడు ఇళ్ళు ఖాళీ. నా దగ్గర ఊళ్ళోవాళ్ళ కాళ్ళ కొలతలకు చెక్కిన కర్రపాదాలు నలభై జతలున్నాయి. వాటికి మాత్రం చలికీ మంచుకీ ఇబ్బంది లేదు, చెప్పులు కూడా అడగవు."

నేను నవ్వాను. నాన్న నవ్వలేదు. "పిల్ల తల్లిని అడవిలో తోసుకుపోతావా?"

వాకిట్లోంచి అక్క గొంతు వచ్చింది. "ఆయన తోసుకుపోవడం లేదు నాన్నా. నేనే లాక్కుపోతున్నాను. వచ్చే చలికాలం ఫీబీకి ఏం పెట్టను? అటక మీద కట్టెలు పెట్టనా?" లోపలికొచ్చి నాన్న భుజం మీది రంపప్పొట్టు దులిపింది. "కట్టెలంటే గుర్తొచ్చింది. నా కర్ర దించండిక. ముందు చక్రాలు పాత బండివే పనికొస్తాయి, వెనకవి రెండూ కొత్తవి కావాలి. ఇరవై నాలుగేళ్ళు ఎండబెట్టారు, ఇంకా ఎండితే పొగాకై పోతుంది."

నాన్న బాడిత కింద పెట్టాడు. ఆమె చెయ్యి భుజం మీదుండగానే కిటికీలోంచి అటుగా చూస్తూ, "చేస్తాను," అన్నాడు. "మూడు వారాలాగండి."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఎవరమూ అనుకోలేదు. ఆ సాయంత్రం అక్క నాతో, "చూశావా, ముసలాయన పైకి అలా ఉంటాడు గాని" అంది. తర్వాత, "నువ్వు ఏడవకే థర్జా. ఒక ఏడు పోనీ, నిన్నూ పిలిపించుకుంటాను. అక్కడ పెళ్ళికాని మగాళ్ళు చెట్టుకొకడు ఉంటారట, ఏరుకోవచ్చు" అంది.

నేను ఏడవడం లేదు. ఆమె లేని పొద్దుటిపూట మా వంటిల్లు ఎలా ఉంటుందో లెక్క చూసుకుంటున్నాను. నాన్న, నేను, రొట్టె, ఆయన నమిలే చప్పుడు. ఆ లెక్కలో ఫీబీ ఆకలి లేదు. ఎంత వెతికినా, ఆనాటి నా మనసులో ఆ పిల్ల ఆకలి ఒక్కసారి కూడా తట్టినట్టు గుర్తులేదు.

పది రోజుల తర్వాత నాన్నకు అన్నం వేళకు గంజి తీసుకుని కొట్టంలోకి వెళ్ళాను. ఆయన చక్రం ఆకులు చెక్కుతున్నాడు. కాలి కింద చిత్రిక పొట్టు పరుచుకుని ఉంది. ఆరిన ఓక్ పొట్టు నలిపితే కరకర విరుగుతుంది. ఇది నా వేలికి ఉంగరంలా చుట్టుకుని అలాగే ఉండిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పుల్లటి, పచ్చి వాసన. ఏప్రిల్‌లో కొట్టిన చెట్టు.

గంజి గిన్నె బల్ల మీద పెట్టి అటకెక్కాను. ఎందుకెక్కానో ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను. ఎవరూ అడగలేదు. అక్క కర్ర అక్కడే ఉంది. మొద్దులు రెండూ, బద్దలన్నీ. దుమ్ము కూడా కదల్లేదు. వాటి మీద నా అక్షరమున్న బద్దలు కొన్ని జరిపి కప్పి ఉన్నాయి. నా పేరుతో ఆమె పేరును దాచాడు.

దిగేసరికి నాన్న నిచ్చెన కింద నిలబడి ఉన్నాడు. నా గౌను అంచుకంటిన దుమ్ము చూశాడు. ఇద్దరం కాసేపు ఆ దుమ్మునే చూశాం.

"పచ్చి కర్ర ఎండకి కుంచించుకుపోతుంది, మూడో రోజుకే ఆకులు వదులవుతాయి," అన్నాడు. చక్రంతో చెప్పినట్టు చెప్పాడు. "మూడు రోజుల దారంతా చదును. నది పక్క బాట. బండి ఒరుగుతుంది, అంతే. ఎవరికీ దెబ్బ తగలదు. చచ్చినట్టు వెనక్కి వస్తారు. ఈలోగా మంచు కాలం ముంచుకొస్తుంది. వచ్చే ఏడు పంట పండుతుంది. ఇంకెవరూ పడమర ఊసెత్తరు."

నేను గౌను దుమ్ము దులుపుకున్నాను.

"రంగు కలుపు," అన్నాడు.

"అక్క ఇంకా చెక్క చూసుకోలేదు కదా?"

"కలుపు థర్జా."

మేం ఎప్పుడూ వేసేది ఇటుక రంగు. నేను పెట్టె అడుగునుంచి అమ్మ దాచిన నీలం రంగుపొడి పొట్లం తీశాను. అమ్మ తన పెళ్ళిపెట్టెకు వేయించుకోగా మిగిలింది, అక్క చిన్నప్పటినుంచీ అడిగేది, ఎవరూ ఇవ్వలేదు. అవిసె నూనెలో దాన్ని నూరాను. నీలమే ఎందుకు తీశానో నలభై రెండేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. ఆమె సంతోషిస్తుందనా? ఆ సంతోషంలో మరీ దగ్గరగా చూడదనా? మొదటి కారణం ఉందనే అనుకుంటాను. రెండోది లేదని మాత్రం చెప్పలేను. పూత పల్చగా పడి కింద పచ్చి చెక్క తడిమచ్చలు కనిపిస్తుంటే, నాన్న చెప్పకుండానే రెండో పూత నేనే వేశాను.

ఆ ఆదివారం అందరితో పాటు నేనూ ఎండ కోసం మోకరించాను. వాళ్ళు పంట కోసం అడిగారు. నేను చక్రం ఎండాలని అడిగాను. అంత భక్తిగా ముందెన్నడూ ప్రార్థించలేదు.

వాళ్ళు బయలుదేరింది జూలై మూడో వారంలో. ఎడ్లు కట్టారు, కర్రపాదాలు నలభై జతలూ సంచుల్లో వేశారు. ఓహాయోలో కాళ్ళకూ అవే కొలతలని బావ ధైర్యం. నాన్న వెనక చక్రాలు దొర్లించుకొచ్చి ఇరుసుకు తొడిగాడు.

అక్క నిలబడిపోయింది. "నీలం!"

నాన్న వంగి ఇరుసు శీల కొట్టాడు.

దగ్గరికొచ్చింది. వేలు మడిచి ఒక ఆకు మీద కొట్టబోయి, చెయ్యి గాల్లోనే ఆపింది. కొట్టంలో పెరిగిన పిల్ల ఆమె. "నాన్నా, చూపించకుండానే రంగేసేశారేం?"

"బయటివాళ్ళకి చూపిస్తాం," అన్నాడు నాన్న. "నువ్వు బయటిదానివా?"

అక్క కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఆయన మెడ చుట్టూ చేతులేసి, "ఇన్నాళ్ళూ ఆ కర్ర మీద ఎన్ని వేళాకోళాలు ఆడాను నాన్నా," అంది. ఆయన చేతులు పక్కనే వేలాడుతూ ఉన్నాయి. వాటినేం చెయ్యాలో ఆయనకు తోచలేదు.

కన్నీళ్ళు తుడుచుకుని ఆమె వెంటనే బావ మీద పడింది. "విను ఓరిన్, చక్రాల సంగతి నేను చూసుకుంటా, నువ్వు తోలు సంగతి చూసుకో. రోజూ పొద్దుగూకేసరికి ఏ వాగు కనిపిస్తే ఆ వాగులో బండి నిలబెట్టాలి. చెక్క నీళ్ళు తాగి బిగుసుకుంటుంది."

"అక్కర్లేదు," అన్నాడు నాన్న గబుక్కున. "కొత్త చక్రాలు. నీళ్ళలో పెట్టే పని లేదు."

అక్క పకపకా నవ్వింది. "అయ్యో నాన్నా! పాలతో పాటు పట్టించారు ఈ మాట. బండి అన్నాక నీళ్ళలో నిలబెట్టాలని నేను నిద్రలో కూడా అంటానని ఈయన వెక్కిరిస్తాడు. ఇప్పుడు వద్దంటే మానేస్తానా?"

"నిజమే మామయ్యా," అన్నాడు బావ. "దీన్ని పెళ్ళి చేసుకున్నాక నేను కూడా వారానికోసారి వాగులో నిలబడుతున్నాను."

ఫీబీని నా చేతుల్లోంచి తీసుకుంటూ అక్క నా చెంప మీద గిల్లింది. "అలా శవంలా చూడకే. నవ్వు." నవ్వాను. బండి వాగు దాటుతుంటే నీలం చక్రాలు నీళ్ళలో తడిసి మెరిశాయి. చాలా అందంగా ఉన్నాయి.

మూడో రోజు నాన్న పొద్దుటినుంచీ కొట్టం గుమ్మంలోనే ఉన్నాడు. మబ్బు. సన్నటి తుంపర. నేను రొట్టె ఎక్కువ కాల్చాను. నాలుగో రోజు పొగమంచు. ఐదో రోజు రాత్రి చలికి తొట్టిలో నీళ్ళు పైన అద్దంలా గడ్డకట్టాయి. పచ్చి కట్టె ఎండడానికి కావలసింది ఒక్కటే, అది ఆ ఏడు ఆకాశంలో లేదు. దానికి తోడు ప్రతి సాయంత్రం ఎక్కడో ఒక వాగులో, మా నాన్న పట్టించిన మాట ప్రకారం, మా అక్క ఆ చక్రాలకు నీళ్ళు తాగిస్తోంది. ఆయన ఎంత మంచి పాఠం చెప్పాడో ఆయనకు రోజురోజుకీ తెలుస్తూ వచ్చింది.

ఎనిమిదో రోజు అడిగాను. "చదును దారి ఎక్కడిదాకా?"

"దాటేసి ఉంటారు."

"తర్వాత?"

ఆయన ఉలి తీసుకుని నూరడం మొదలుపెట్టాడు.

"వెళ్ళి చెప్తే?" అన్నాను. ఆ వేసవిలో నేనన్న మంచి మాట అదొక్కటే. అది కూడా ప్రశ్నలాగే అన్నాను.

నాన్న గుర్రానికి జీను వేశాడు. రొట్టె మూట కట్టిచ్చాను. ఆ దారంట వెళ్ళడం చూసి, నేల మీద కూర్చుని, ఆనాడు మాత్రం ఏడ్చాను. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చాడు. "లాడం ఊడింది," అన్నాడు. గుర్రాన్ని కట్టేస్తున్నప్పుడు నేను దాని కాళ్ళ వైపు చూడలేదు. నేను చూడకపోవడం ఆయన చూశాడు. రొట్టె మూట విప్పకుండానే బల్ల మీద పెట్టాడు. ఆ రాత్రి మేమిద్దరం ఆ రొట్టే తిన్నాం.

ఉత్తరం రాసే వీలుండేది. దారిలో ఏ ఊళ్ళో ఆగుతారో నాకు తెలుసు. కలం ముంచి "అక్కా" అని రాశాను. ఆ తర్వాత మాట "నాన్న" అని రాయాలా "మేం" అని రాయాలా అనేది తేలక కాగితం పొయ్యిలో వేశాను.

అక్టోబరులో బావ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నాన్న చదువు రానివాడు కాదు గాని నాకే ఇచ్చాడు. గట్టిగా చదివాను.

సెప్టెంబరు మొదటి వారంలో కొండలు దాటారట. అక్కడ వాళ్ళకు ఎండ దొరికింది. ఆరు రోజులు మండిపోయే ఎండ, ఎత్తు మీద బాట, ఒక్క వాగు లేదు. కాలికి బొబ్బలెక్కి ఆ రోజు లొవీనా బండెక్కింది. ఫీబీ బావ భుజం మీద ఉంది. దిగుడులో వెనక చక్రం ఒక్కసారిగా విచ్చుకుపోయింది. బండి లోయ వైపు ఒరిగి, లొవీనా దాని కింద పడి పోయింది. "నేను ఎడ్లను తొందరపెట్టాను మామయ్యా. చీకటి పడకముందే నీళ్ళు చేరాలని. రాయి తగిలి ఉంటుంది. ఆకులన్నీ ఒకేసారి ఊడి చుట్టూ పడ్డాయి, ఒక్కటి కూడా విరగలేదు. మీ పనితనానికి నా తొందరతో మచ్చ తెచ్చాను. ముందురోజు కూడా ఆమె ఆ నీలం రంగునే చెప్పుకుని మురిసింది. నన్ను క్షమించండి."

రాయి తగిలితే ఆకు విరుగుతుంది. ఎండి కుంచించుకుపోయిన చక్రంలోంచి ఆకులు విరగకుండా ఊడతాయి. ఇది మా ఇద్దరికీ తెలుసు. చెప్పులు కుట్టేవాడికి తెలియదు.

"రాయి అని రాశాడా?" అన్నాడు నాన్న.

"రాయనే రాశాడు."

తల ఊపాడు. లేచి కొట్టంలోకి వెళ్ళి ఉలులు ఒక్కొక్కటే తుడిచి నూనె రాశాడు. తర్వాత నాతో, "క్షమించాను అని రాయి," అన్నాడు.

రాశాను. నా దస్తూరీతోనే. బావ ఆ ఉత్తరాన్ని జీవితమంతా దాచుకున్నాడట, ఫీబీ చెప్పింది.

నాన్న ఆ తర్వాత పద్నాలుగేళ్ళు బతికాడు. చక్రాలు చేశాడు. కొనేవాడు చూడకుండా ఒక్కదానికీ రంగు వేయలేదు. వద్దన్నవాణ్ణి కూడా చెయ్యి పట్టుకుని తెచ్చి చెక్క తడిమించేవాడు. జేబెజ్ రడ్ అంత నిక్కచ్చి మనిషి ఈ చుట్టుపక్కల లేడని ఆయన సమాధి దగ్గర పాదిరి అన్నాడు. మేం ఆ సంగతి మళ్ళీ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఏడువందల పైచిలుకు ఆదివారాలు చర్చిలో ఒకే బల్ల మీద కూర్చుని ఒకే పుస్తకంలోంచి పాడాం. ఒకరి పక్కన ఒకరం ఉండటానికి మాకు దొరికిన కారణం అదే అయింది. నేనెందుకు పెళ్ళి చేసుకోలేదని అడిగేవాళ్ళకు నాన్నను చూసుకోవాలని చెప్పేదాన్ని. చూసుకోవడమంటే అక్షరాలా అదే. ఆయన నన్ను చూస్తూ, నేను ఆయన్ని చూస్తూ.

ఫీబీ ఐదో ప్రశ్నకు చివరికి జవాబు రాశాను. "రాయి తగిలిందని మీ నాన్న రాశాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. తప్పు ఆయనది కాదు." అక్కడ ఆగాను. తప్పు ఎవరిదో రాయడానికి ఇంకా అరపేజీ ఖాళీ ఉంది.

ఆ అరపేజీ అలాగే వదిలేసి అటకెక్కాను. ఈ వయసులో నిచ్చెన ఎక్కడం అంత తేలిక కాదు. లొవీనా అక్షరమున్న ఎల్మ్ మొద్దు ఒకటి దొర్లించి, కిందికి దింపించి, పెట్టెలో పెట్టి రైలుకు వేయించాను. లోపల చీటీ పెట్టాను. "ఇది మీ అమ్మ పుట్టిన ఏడు మీ తాత ఆమె బండి చక్రాల కోసం కొట్టి దాచిన కర్ర. ఇన్నాళ్ళూ మా అటక మీదే ఉంది."

ఇంతకన్నా తేటగా ఎలా చెప్పను? చక్రాల కర్ర ఇక్కడే ఉంటే ఆ చక్రాలు దేనితో చేశారు? కొట్టంలో పెరిగిన పిల్లయితే చీటీ సగం చదివేసరికే అడిగేది. ఆరు వారాలు ఆ ప్రశ్న కోసం ఎదురుచూశాను. భయపడ్డాను, కాని ఎదురే చూశాను.

నిన్న జవాబు వచ్చింది. మొద్దును గుండెకు హత్తుకుని ఏడ్చిందట. తాతయ్యకు అమ్మంటే ఎంత ప్రాణమో ఇప్పుడు తెలిసిందట, బైబిల్లో ఆ మాటే రాయించిందట. మొద్దును ముందుగదిలో కిటికీ పక్కన నిలబెట్టి, దాని మీద పూలకుండీ పెట్టుకుంది.

"ఉత్త చెక్క చూడ్డానికి బాగాలేదు పిన్నీ," అని రాసింది. "అందుకే నీలం రంగు వేయించాను. రెండు పూతలు."